శుక్లం ఆపరేషన్‌తో పాటే గ్లాకోమా లేజర్: ఒప్పుకునే ముందు నుంచి చుక్కలు తగ్గించేదాకా

అమ్మకో నాన్నకో శుక్లం ముదిరిందని, దానికి తోడు గ్లాకోమా (నీటికాసులు) కూడా ఉందని తేలింది. డాక్టర్ గారు "శుక్లం ఎలాగూ తీస్తున్నాం కదా, గ్లాకోమాకి లేజర్ కూడా అదే సిట్టింగ్‌లో చేసేద్దాం" అన్నారు. ఇక ఇంట్లో రకరకాల ప్రశ్నలు. రెండూ ఒకేసారి చేయించుకోవచ్చా, కన్నుకి భారం కాదా, ఇక చుక్కల మందు మానేయొచ్చా, ఇదేమైనా బిల్లు పెంచే పనా? వీటన్నిటికీ వరుసగా జవాబులు చెప్పుకుందాం. ఇది చదివి ఎవరూ సొంత వైద్యం చేసుకోవద్దు, డాక్టర్ గదిలో దొరికే ఆ పది నిమిషాల్లో సరైన ప్రశ్నలు అడగడానికి వాడుకోండి.

1. ముందు ఏ లేజరో తేల్చుకోండి

మన దగ్గర ఆధునికంగా చేసే శుక్లం ఆపరేషన్ అంతటినీ "లేజర్ ఆపరేషన్" అనేయడం అలవాటైపోయింది. నిజానికి ఫేకో పద్ధతిలో లేజర్ ఉండదు. అల్ట్రాసౌండ్ తరంగాలతో గట్టిపడిన లెన్స్‌ని ముక్కలు చేసి పీల్చేస్తారు, అంతే. ఖరీదైన ప్యాకేజీల్లో ఫెమ్టోసెకండ్ లేజర్ అని ఒకటి కలుపుతారు, అది కోతలు పెట్టడానికి, లెన్స్ ముందు పొరని గుండ్రంగా కత్తిరించడానికి పనికొస్తుంది, గ్లాకోమాకి దాంతో సంబంధం లేదు. ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకి లెన్స్ వెనక పొర మసకబారితే చేసే యాగ్ లేజర్ మరొకటి, దానికీ గ్లాకోమాకీ సంబంధం లేదు. కాబట్టి ఎవరైనా "మా అత్తయ్యకి శుక్లానికి లేజర్ చేశారు, గ్లాకోమా కూడా పోయింది" అంటే నమ్మేయకండి, అక్కడ జరిగింది ఏమిటో వాళ్ళకే తెలిసి ఉండకపోవచ్చు.

గ్లాకోమా కోసం చేసే లేజర్లు వేరు. కంట్లో నిమిషానికి సుమారు 2.5 మైక్రోలీటర్ల నీరు ఊరుతూ ఉంటుంది. దాన్ని తయారు చేసేది కనుపాప (ఇక్కడ ఆ మాటకి అర్థం రంగు ఉండే ఐరిస్ పొర) వెనక దాక్కుని ఉండే సిలియరీ బాడీ, అందులో 70-80 చిన్న చిన్న మడతలు ఉంటాయి. ఆ నీరు పాప (కనుపాప మధ్యలోని రంధ్రం) గుండా ముందుకు వచ్చి, నల్లగుడ్డు (ముందున్న పారదర్శక పొర, కార్నియా), కనుపాప కలిసే మూల దగ్గరున్న జల్లెడ లాంటి కణజాలం గుండా బయటికి పోతుంది. నీరు సరిగా పోకపోతే లోపల ప్రెషర్ పెరుగుతుంది, పెరిగిన ప్రెషర్ వెనకనున్న కంటి నరాన్ని నెమ్మదిగా తినేస్తుంది. గ్లాకోమా లేజర్లలో కొన్ని నీరు పోయే దారి మీద పని చేస్తాయి, కొన్ని నీరు ఊరే చోట పని చేస్తాయి.

దారి మీద పని చేసేవి రెండు. కనుపాపకి సన్నటి రంధ్రం పెట్టే ఐరిడాటమీ ఒకటి, జల్లెడకి చురుకు పుట్టించే ఎస్ఎల్‌టీ రెండోది. ఈ రెండూ ఓపీలో కుర్చీలో కూర్చోబెట్టి చేసేవే, థియేటర్ అక్కర్లేదు, కోత లేదు. ఊరే చోట పని చేసేవి డయోడ్ లేజర్లు. వాటిలో కంటి బయటి నుంచి తెల్లగుడ్డు మీదుగా కాల్చేది ఒకటి, దాన్నే కాస్త సున్నితం చేసి ఆపి ఆపి వదిలే మైక్రోపల్స్ ఇంకొకటి, కంటి లోపలికి సన్నటి కెమెరా దూర్చి కళ్ళారా చూస్తూ కాల్చే ఈసీపీ మూడోది. "శుక్లంతో పాటే లేజర్" అని డాక్టర్ అన్నారంటే చాలావరకు ఈ ఈసీపీ గురించే, ఎందుకంటే శుక్లం కోసం పెట్టిన కోతలోంచే ఆ కెమెరా కూడా లోపలికి వెళ్ళిపోతుంది. కొన్నిచోట్ల అదే రోజు మైక్రోపల్స్ చేస్తారు.

అందుకే మొదటి ప్రశ్న ఇలా అడగండి: "సార్, ఏ లేజర్, కంట్లో ఏ భాగం మీద, శుక్లం తీసే రోజేనా లేక ముందో తర్వాతో?" ఈ మూడు ముక్కలకి స్పష్టమైన జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకండి.

2. కోణం తెరిచి ఉందా, మూసుకుందా?

నా దృష్టిలో మొత్తం నిర్ణయం ఈ ఒక్క విషయం మీదే తిరుగుతుంది, కానీ ఓపీ చీటీల్లో తరచూ ఇదే రాసి ఉండదు. నీరు బయటికి పోయే ఆ మూలనే డాక్టర్లు యాంగిల్ అంటారు. అది తెరిచే ఉండి లోపల జల్లెడ మొద్దుబారితే ఓపెన్ యాంగిల్ గ్లాకోమా. కనుపాప ముందుకు నెట్టుకొచ్చి ఆ మూలనే మూసేస్తే యాంగిల్ క్లోజర్. ఏది ఎలా ఉందో తెలియాలంటే గోనియోస్కోపీ చేయాలి. చుక్కలేసి కంటికి ఒక ప్రత్యేకమైన లెన్స్ ఆనించి లోపలి మూలని చూస్తారు, నొప్పి ఉండదు, రెండు మూడు నిమిషాల పని. రిపోర్టులో గోనియోస్కోపీ గురించి ఒక్క మాట కూడా లేకపోతే మొహమాటపడకుండా అడగండి.

యాంగిల్ క్లోజర్ మన దేశంలో, ఆసియా అంతటా తక్కువేమీ కాదు. ఆడవాళ్ళలో, కన్ను పొట్టిగా ఉన్నవాళ్ళలో, ప్లస్ పవర్ అద్దాలు వాడేవాళ్ళలో ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ కంట్లో సహజమైన లెన్స్ మందం అవుతూ కనుపాపని ముందుకు నెడుతుంది. అంటే ఇక్కడ శుక్లం పట్టిన లెన్సే సగం సమస్య. దాన్ని తీసేసి పల్చటి కృత్రిమ లెన్స్ పెడితే ముందు గది లోతవుతుంది, మూల తెరుచుకుంటుంది, ప్రెషర్ బాగా తగ్గుతుంది. ఇది ఊహ కాదు, 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఈగల్ అనే ట్రయల్‌లో 50 ఏళ్ళు దాటి, మూల మూసుకుని, ప్రెషర్ 30కి (మెర్క్యురీ మిల్లీమీటర్లలో) తగ్గకుండా ఉన్నవాళ్ళకి లేదా అప్పటికే గ్లాకోమా మొదలైనవాళ్ళకి, శుక్లం లేకపోయినా సరే, లెన్స్ తీసేయడం ఐరిడాటమీ లేజర్ కన్నా మెరుగని తేలింది.

కాబట్టి మీ ఇంట్లో పెద్దావిడకి మూసుకుపోయే రకం గ్లాకోమా ఉండి, నరం దెబ్బ ఇంకా తక్కువగా ఉంటే, శుక్లం ఒక్కటి తీస్తే చాలేమో, లేజర్ కలపాల్సిన అవసరం ఉందా అని తప్పకుండా అడగండి. చాలాసార్లు ముందు శుక్లం తీసి మూడు నెలలు ఆగి చూడటమే తెలివైన పని. కానీ కనుపాప మూలకి ఏళ్ళ తరబడి అతుక్కుపోయి ఉంటే లెన్స్ తీసినా అతుకులు ఊడవు, అప్పుడు అదనంగా ఏదో ఒకటి అవసరం పడుతుంది.

ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలతో వచ్చే తీవ్రమైన ఎటాక్ సంగతి పూర్తిగా వేరు. అప్పుడు ముందు మందులతో ప్రెషర్ దించి, ఐరిడాటమీ చేసి, వాపు తగ్గాకనే శుక్లం జోలికి వెళ్ళడం మామూలు పద్ధతి. ఈ ఎటాక్‌ని గ్యాస్ అనో మైగ్రేన్ అనో అనుకుని రాత్రంతా ఇంట్లో గడిపేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఆ కొన్ని గంటల ఆలస్యం కూడా చూపుని తీసేయగలదు.

ఓపెన్ యాంగిల్ వాళ్ళలో శుక్లం తీస్తే ప్రెషర్ తగ్గుతుంది గానీ అంతగా కాదు. అమెరికాలో ప్రెషర్ ఎక్కువగా ఉన్నా గ్లాకోమా ఇంకా రానివాళ్ళని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనంలో శుక్లం తీశాక సగటు 23.9 నుంచి 19.8కి దిగింది. అంటే సుమారు నాలుగు పాయింట్లు. అది కూడా కాలం గడిచేకొద్దీ కొంత కరిగిపోతుంది. లేజర్ కలపడం అనే ఆలోచన వచ్చేది ఇక్కడే.

3. మీ కన్ను ఈ జోడింపుకి సరిపోతుందా

శుక్లంతో పాటు ఈసీపీ బాగా సరిపోయేది నడిమి స్థాయి వాళ్ళకి. శుక్లం నిజంగా చూపుకి అడ్డొస్తోంది, గ్లాకోమా తొలి దశలోనో మధ్య దశలోనో ఉంది, ఒకటి నుంచి మూడు రకాల చుక్కలతో ప్రెషర్ దాదాపు అదుపులో ఉంది, కానీ ఆ చుక్కలు వేసుకోవడమే కష్టమవుతోంది. చేతులు వణుకుతాయి, కళ్ళు మండుతాయి, నెలకి అయ్యే ఖర్చు, ఊళ్ళో మెడికల్ షాపులో ఆ బ్రాండ్ దొరకదు. ఇలాంటి వాళ్ళకి చుక్కలు ఒకటో రెండో తగ్గినా పెద్ద ఊరటే. ఇందులో వచ్చే అసలు లాభం కూడా ఎక్కువగా అదే, ప్రెషర్ అద్భుతంగా పడిపోవడం కాదు.

సరిపోనిది ఎవరికి? కంటి నరం బాగా దెబ్బతిని, ఫీల్డ్ టెస్టులో (చూపు చుట్టూ ఎంత మేర ఉందో కొలిచే పరీక్ష) మధ్య చూపుకి ముప్పు కనిపిస్తున్నవాళ్ళకి ప్రెషర్ 12కో అంతకన్నా కిందికో రావాలి. ఆ పని ఈసీపీతో నమ్మకంగా జరగదు, వాళ్ళకి ట్రాబెక్యులెక్టమీ, అంటే నీటికి కొత్త దారి చేసే ఆపరేషన్, శుక్లంతో కలిపో విడిగానో చేస్తారు. కంట్లో తరచూ వాపు వచ్చే యువియైటిస్ వాళ్ళకి కూడా కాల్చడం మంచిది కాదు, వాపు మరింత రేగుతుంది. షుగర్ వల్ల రెటీనా మధ్య భాగంలో ఇప్పటికే నీరు చేరినవాళ్ళ విషయంలో రెటీనా డాక్టర్ మాట కూడా తీసుకోవాలి.

ఇక గ్లాకోమా తేలికగా ఉండి, ఒకే ఒక్క చుక్కతో ప్రెషర్ 14 దగ్గర నిలబడి ఉన్నవాళ్ళకి లేజర్ కలపడం అవసరమా అంటే, నా అభిప్రాయం వద్దనే. శుక్లం తీయించుకోండి, తర్వాత కావాలంటే ఎస్ఎల్‌టీ ఎలాగూ ఉంది. ఓపెన్ యాంగిల్ వాళ్ళకి అది మంచి ఎంపిక. 2019లో లండన్ మూర్‌ఫీల్డ్స్ డాక్టర్లు ప్రచురించిన లైట్ ట్రయల్‌లో మొదటి వైద్యంగా ఎస్ఎల్‌టీ చేయించుకున్నవాళ్ళలో 74 శాతం మంది మూడేళ్ళ దాకా చుక్కలు లేకుండానే అనుకున్న ప్రెషర్‌లో ఉన్నారు. ఓపీలోనే అయిపోతుంది, అవసరమైతే మళ్ళీ చేయొచ్చు, తర్వాత ఏ ఆపరేషన్‌కీ అడ్డు రాదు.

ఈసీపీకి ఉన్న ఆధారాల గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. మార్టిన్ ఉరామ్ అనే అమెరికన్ డాక్టర్ 1990ల తొలినాళ్ళలో దీన్ని తెచ్చారు, అప్పటి నుంచి వాడుకలో ఉంది, శుక్లం ఒక్కటే తీసినవాళ్ళతో పోల్చి చూసిన అధ్యయనాల్లో చుక్కల అవసరం తగ్గినట్టు కనిపించింది. అయితే లాటరీ పద్ధతిలో రోగులని రెండు వర్గాలుగా విడగొట్టి చేసే గట్టి ట్రయల్స్ దీని మీద చాలా తక్కువ. కాబట్టి "ఇది చేస్తే జీవితాంతం చుక్కలుండవు" అని ఎవరైనా గ్యారంటీ ఇస్తే ఆ మాటని సందేహించండి.

4. ముందు చేయించాల్సిన పరీక్షలు, చెప్పాల్సిన మందులు

శుక్లానికి మామూలుగా చేసే పరీక్షలు, అంటే లెన్స్ పవర్ లెక్క కోసం బయోమెట్రీ, షుగర్, బీపీ, ఇవి ఎలాగూ చేస్తారు. గ్లాకోమా ఉన్నప్పుడు అదనంగా కావలసినవి: విజువల్ ఫీల్డ్ టెస్ట్, నరం చుట్టూ పొర మందం చూసే ఓసీటీ, నల్లగుడ్డు మందం కొలిచే ప్యాకీమెట్రీ, గోనియోస్కోపీ. ప్రెషర్ ఒక్కసారి కొలిచినది సరిపోదు, వేర్వేరు రోజుల్లో, వీలైతే వేర్వేరు సమయాల్లో రెండు మూడు రీడింగులుండాలి. సాధారణంగా 10 నుంచి 21 మధ్య ఉంటే నార్మల్ అంటారు గానీ 21 లోపు ఉన్నా గ్లాకోమా ఉండొచ్చు, నల్లగుడ్డు పల్చగా ఉంటే మెషీన్ అసలు ప్రెషర్ కన్నా తక్కువ చూపిస్తుంది. శుక్లం ముదిరినప్పుడు ఫీల్డ్ టెస్టూ ఓసీటీ కూడా కొంత తప్పుగా వస్తాయి, అయినా సరే చేయించాలి, ఆపరేషన్ తర్వాత వచ్చిన వాటితో పోల్చుకోవడానికి.

మందుల లిస్టు ఇంట్లోనే కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి. అందులో ఈ కిందివి ఉన్నాయేమో ప్రత్యేకంగా చూడండి.

- ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్. ఇది వాడేవాళ్ళకి ఆపరేషన్‌లో కనుపాప వదులుగా ఊగుతుంది, సర్జన్‌కి ముందే తెలిస్తే ఏర్పాట్లు చేసుకుంటారు. ఎప్పుడో మానేసినా చెప్పాలి.
- రక్తం పల్చబడే మందులు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి. వీటిని మీ అంతట మీరు ఆపేయకండి, గుండె డాక్టర్‌నీ కంటి డాక్టర్‌నీ అడిగాకే.
- ఉబ్బసం ఉండి టిమోలాల్ చుక్కలు వాడుతున్నా, సల్ఫా మందులు పడకపోయినా, కిడ్నీ సమస్య ఉన్నా. ఆపరేషన్ రోజు ప్రెషర్ పెరగకుండా డయామాక్స్ మాత్ర ఇస్తుంటారు, అది సల్ఫా తరహా మందు.
- స్టెరాయిడ్ చుక్కలు, స్టెరాయిడ్ మాత్రలు, కీళ్ళకి వేసే ఇంజెక్షన్లు, ఊపిరికి వాడే ఇన్‌హేలర్లు.

చివరి దాని మీద ఇంకొంచెం. కళ్ళు దురద పెడుతున్నాయని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వాడితే శుక్లమూ వస్తుంది, గ్లాకోమా కూడా వస్తుంది. ముప్పై ఏళ్ళ కుర్రాడికి రెండూ కలిసి వచ్చాయంటే డాక్టర్ మొదట అడిగేది దాని గురించే. దాచకండి, ఎందుకంటే ఆపరేషన్ తర్వాత మళ్ళీ స్టెరాయిడ్ చుక్కలే ఇస్తారు, మీ కన్ను దానికి ప్రెషర్ పెంచే రకమని ముందే తెలిస్తే మందు మారుస్తారు.

గ్లాకోమా చుక్కలు మాత్రం డాక్టర్ ఆపమంటే తప్ప ఆపరేషన్ రోజు పొద్దున్న కూడా వేసుకోవాల్సిందే. "ఆపరేషన్ కదా, ఏమీ వేయకూడదేమో" అని సొంతంగా ఆపేసేవాళ్ళు చాలామంది.

5. ఏ లెన్స్ పెట్టించాలి

ఇక్కడ కౌన్సెలర్ ముందు కూర్చున్నప్పుడు కాస్త గట్టిగా ఉండాలి. దూరం, దగ్గర రెండూ కనిపించే మల్టీఫోకల్ లెన్సులు వెలుగుని పంచుతాయి, దాంతో కాంట్రాస్ట్ తగ్గుతుంది. గ్లాకోమా కూడా కాంట్రాస్ట్‌నే తగ్గిస్తుంది. రెండూ కలిస్తే సందె వేళ మెట్లు దిగడం, రాత్రి బండి నడపడం ఇబ్బంది. గ్లాకోమా ఉన్న కంటికి మంచి మోనోఫోకల్ (ఒకే దూరానికి సరిపోయే) లెన్సే నయం, దగ్గరికి చదువుకోవడానికి అద్దాలు పెట్టుకుంటే పోయేదేముంది. సిలిండర్ పవర్ ఎక్కువ ఉంటే టోరిక్ లెన్స్ పెట్టొచ్చు, అయితే లెన్స్‌ని పట్టి ఉంచే దారాలు బలంగా ఉండాలి. సూడోఎక్స్‌ఫోలియేషన్ అని బూడిద లాంటి పదార్థం కంట్లో పేరుకునే జబ్బులో ఆ దారాలు వదులైపోతాయి, గ్లాకోమా కూడా వస్తుంది. రిపోర్టులో ఆ మాట ఉంటే అనుభవం ఉన్న సర్జన్ చేతిలోనే చేయించుకోండి.

6. థియేటర్లో ఏం జరుగుతుంది

శుక్లం ఒక్కటే అయితే ఈ మధ్య చుక్కల మత్తుతోనే కానిచ్చేస్తున్నారు. ఈసీపీ కలిస్తే మాత్రం సాధారణంగా కంటి పక్కన ఇంజెక్షన్ ఇస్తారు, ఎందుకంటే సిలియరీ బాడీకి నొప్పి తెలుస్తుంది, కేవలం చుక్కలు సరిపోకపోవచ్చు. ఇంజెక్షన్ అని వినగానే పెద్దవాళ్ళు బెదిరిపోతారు. సూది పోటు కొన్ని సెకన్లే, తర్వాత కన్ను మొద్దుబారిపోతుందని ముందే చెప్పి ఉంచండి.

మొదట శుక్లం. 2.2 నుంచి 2.8 మిల్లీమీటర్ల కోత పెట్టి, లెన్స్ ముందు పొరని గుండ్రంగా తెరిచి, లోపలి శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి లాగేస్తారు. ఆ ఖాళీ సంచిలో మడతపెట్టిన కృత్రిమ లెన్స్‌ని వదిలితే అది విచ్చుకుని కూర్చుంటుంది. చాలామంది సర్జన్లు లెన్స్ పెట్టాకే లేజర్ మొదలుపెడతారు.

ఇప్పుడు కనుపాపకీ కొత్త లెన్స్‌కీ మధ్య ఉన్న సందులో చిక్కటి జెల్ నింపుతారు, ఆ సందు వెడల్పయితేనే కెమెరా దూరుతుంది. అదే కోతలోంచి సన్నటి ప్రోబ్ లోపలికి వెళ్తుంది. ఆ ఒక్క ప్రోబ్‌లోనే వెలుతురు, కెమెరా, 810 నానోమీటర్ల డయోడ్ లేజర్, గురి చూపించే ఎర్ర చుక్క, అన్నీ ఇమిడి ఉంటాయి. సర్జన్ అప్పటిదాకా మైక్రోస్కోప్‌లో చూసిన మనిషి, ఇక్కడి నుంచి పక్కనున్న టీవీ స్క్రీన్ చూస్తూ పని చేస్తారు. స్క్రీన్ మీద ఆ 70-80 మడతలు వరసగా కనిపిస్తాయి. ఒక్కోదాని మీద లేజర్ పారిస్తే అది తెల్లబడి ముడుచుకుంటుంది. అంతవరకే కావాలి. శక్తి ఎక్కువైతే ఆ మడత టప్‌మని పగులుతుంది, అలా పగిలితే వాపు ఎక్కువవుతుంది, అందుకని తక్కువ శక్తితో మొదలుపెట్టి, తెల్లబడే వేగాన్ని బట్టి పెంచుకుంటూ పోతారు. కంటి బయటి నుంచి కాల్చే పాత పద్ధతికీ దీనికీ తేడా ఇదే. అక్కడ సర్జన్‌కి లోపల ఏం జరుగుతోందో కనిపించదు, ఇక్కడ ప్రతి మడత కళ్ళ ముందే ఉంటుంది.

ఒక కోతలోంచి అయితే చుట్టూ మూడు వంతులు, అంటే 270 డిగ్రీల దాకా అందుతుంది, పూర్తి చుట్టు కావాలంటే ఎదురుగా రెండో కోత పెట్టాలి. ఎంత మేర కాల్చాలన్నది మీ ప్రెషర్‌ని బట్టి ఉంటుంది, ఆపరేషన్ తర్వాత డిశ్చార్జ్ సమ్మరీలో ఎన్ని డిగ్రీలు చేశారో రాయమనండి, ఆ తర్వాత చూసే ఏ డాక్టర్‌కైనా అది అవసరం. చివర్లో జెల్ మొత్తం శుభ్రంగా తీసేయాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, జెల్ కొంచెం మిగిలినా ఆ రాత్రి ప్రెషర్ ఎగబాకుతుంది. మొత్తం మీద శుక్లం ఆపరేషన్‌కి ఓ పది నిమిషాలు కలుస్తాయి. అదే రోజు ఇంటికి పంపించేస్తారు.

7. మొదటి రాత్రి, మొదటి నెల

గ్లాకోమా ఉన్న కంటికి మొదటి 24 గంటలే కీలకం. ఆపరేషన్ తర్వాత ప్రెషర్ ఒక్కసారిగా పెరిగితే ఆరోగ్యంగా ఉన్న నరం తట్టుకుంటుంది, ఇప్పటికే అరిగిపోయిన నరం తట్టుకోలేదు. అందుకే మర్నాడు చెకప్ మానకూడదు. వేరే ఊరి నుంచి వచ్చినవాళ్ళయితే ఆ రాత్రి అక్కడే చుట్టాలింట్లోనో లాడ్జిలోనో ఉండిపోండి. రాత్రి బండలా బరువు, కనుబొమ్మ మీద గట్టి నొప్పి, వికారం ఉంటే పొద్దుటిదాకా చూడకుండా ఆసుపత్రి ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేయండి.

లేజర్ కలిసింది కాబట్టి, శుక్లం ఒక్కటే చేయించుకున్న పక్కింటాయన కన్నా మీ కన్ను ఎర్రగా ఉంటుంది, చూపు తేరుకోవడానికి కొన్ని రోజులు ఎక్కువ పట్టొచ్చు. పోల్చుకుని బెంగ పడక్కర్లేదు. స్టెరాయిడ్ చుక్కలు మొదట రోజుకి చాలాసార్లు, తర్వాత వారం వారం తగ్గిస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు నడుస్తాయి. యాంటీబయాటిక్ కొన్నాళ్ళే. వీటికి తోడు పాత గ్లాకోమా చుక్కలు. ఇన్ని సీసాలు ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి ప్రతి సీసా మీద మార్కర్‌తో పెద్దగా 1, 2, 3 అని రాసి, గోడ మీద టైం టేబుల్ అంటించండి. రెండు చుక్కల మధ్య కనీసం ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన మూలని వేలితో ఒక నిమిషం నొక్కి పట్టుకుంటే మందు గొంతులోకి జారదు.

తలంటు, దుమ్ము, పొలం పని, కన్ను నలపడం, ఇవి డాక్టర్ చెప్పినన్నాళ్ళు బంద్. పథ్యం అని పప్పు, వంకాయ మానేయక్కర్లేదు, కంటికీ వాటికీ సంబంధం లేదు, మామూలు తిండి తినొచ్చు.

రోజురోజుకీ నొప్పి పెరగడం, చూపు తగ్గడం, పుసి పట్టడం, ఎరుపు తగ్గకపోగా ఎక్కువవడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు వెళ్ళాలి. అది కంటి లోపల ఇన్ఫెక్షన్ కావచ్చు, గంటలు కూడా లెక్కే. ఇక నాలుగు నుంచి ఆరు వారాల మధ్య, అప్పటిదాకా బాగున్న చూపు మధ్యలో మసకబారితే రెటీనా మధ్యలో నీరు చేరిందేమో ఓసీటీ తీయించాలి. షుగర్ ఉన్నవాళ్ళలో, కాల్చడం వల్ల వాపు ఎక్కువగా వచ్చినవాళ్ళలో ఇది జరగొచ్చు, చుక్కలతో చాలావరకు తగ్గిపోతుంది.

8. గ్లాకోమా చుక్కలు ఎప్పుడు తగ్గుతాయి

అందరూ ఎదురుచూసేది దీనికోసమే, అందరూ తొందరపడేదీ ఇక్కడే. కాల్చిన మడతలు నీరు తగ్గించడం వెంటనే కొలతల్లో కనిపించదు, వారాలు పడుతుంది. పైగా మొదటి నెల స్టెరాయిడ్ ప్రభావం, వాపు ప్రభావం రెండూ కలిసి ప్రెషర్‌ని అటూ ఇటూ ఊపుతుంటాయి. ఒకవేళ వారం తర్వాత 11 వచ్చిందని సంబరపడి చుక్కలు ఆపేస్తే, రెండో నెలలో 24 రావచ్చు. స్టెరాయిడ్ పూర్తిగా ఆగాక, ఆపరేషన్ అయిన రెండు మూడు నెలలకి వచ్చిన ప్రెషర్‌నే నమ్మాలి. అప్పుడు డాక్టర్ ఒక్కో చుక్క ఆపి, కొన్ని వారాలు చూసి, నిలబడితే ఇంకోటి ఆపుతారు. ఒకేసారి అన్నీ ఆపడం ఉండదు.

అదే సమయంలో ఫీల్డ్ టెస్టూ ఓసీటీ మళ్ళీ చేయించండి. శుక్లం అడ్డు తొలిగాక వచ్చే ఈ రిపోర్టులే ఇకముందు మీకు కొలబద్ద. ఇక్కడ ఇంకో నిజం కూడా తెలుస్తుంది. శుక్లం వల్ల పోయిన చూపు తిరిగి వస్తుంది, గ్లాకోమా వల్ల పోయింది రాదు. ఏది ఎంతో ఆపరేషన్‌కి ముందు డాక్టర్ కూడా ఉజ్జాయింపుగానే చెప్పగలరు. పెద్దవాళ్ళకి ఈ సంగతి ముందే చెప్పకపోతే, ఇంత ఖర్చు పెట్టి చేయించినా పక్క నుంచి వచ్చే మనిషి కనిపించడం లేదని తర్వాత నిరాశ పడతారు.

9. డబ్బు సంగతి

ఈసీపీ మెషీన్ అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండదు. ఆరోగ్య బీమాలో శుక్లానికి చాలా పాలసీలు పరిమితి పెట్టి ఉంటాయి, లేజర్‌ని రెండో ప్రొసీజర్‌గా విడిగా రాసి ప్రీ ఆథరైజేషన్‌కి (బీమా కంపెనీ ముందస్తు ఆమోదానికి) పంపమని అడగండి, తర్వాత రీయింబర్స్‌మెంట్‌లో గొడవ పడేకన్నా అదే మేలు. కోట్ తీసుకునేటప్పుడు శుక్లం ఎంత, లెన్స్ ఎంత, లేజర్ ఎంత అని మూడు ముక్కలుగా రాయించుకోండి. రెండో అభిప్రాయం కావాలంటే గ్లాకోమా విభాగం ప్రత్యేకంగా ఉన్నచోటికి వెళ్ళాలి. హైదరాబాద్‌లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, ప్రభుత్వ రంగంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి లాంటివి ఉన్నాయి. వెళ్ళేటప్పుడు పాత ఫీల్డ్ టెస్టులు అన్నీ పట్టుకెళ్ళండి, ఒక్క కొత్త రిపోర్టు కన్నా ఐదేళ్ళ పాత కట్ట ఎక్కువ చెబుతుంది.

10. ఆ తర్వాత

కాల్చిన మడతల ప్రభావం కొందరిలో ఏళ్ళు నిలుస్తుంది, కొందరిలో తగ్గుతుంది. తగ్గితే చుక్కలు మళ్ళీ మొదలుపెట్టొచ్చు, ఎస్ఎల్‌టీ చేయొచ్చు, కావాలంటే ట్రాబెక్యులెక్టమీ కూడా చేయొచ్చు. ఈసీపీలో కంటి పైపొరని కదపరు కాబట్టి ఆ దారులు మూసుకుపోవు. ప్రెషర్ బాగున్నా నాలుగు నుంచి ఆరు నెలలకోసారి చెకప్, ఏడాదికోసారి ఫీల్డ్ టెస్ట్ తప్పదు. రెండో కంటికి ఎప్పుడు అన్నది మొదటి కన్ను స్థిరపడ్డాక నిర్ణయించుకోండి, లేజర్ కలిపినప్పుడు రెండు కళ్ళూ వెంటవెంటనే చేయించుకోవాలని ఒత్తిడి చేయకండి.

ఇంట్లో ఒకరికి గ్లాకోమా ఉందంటే వాళ్ళ అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్ళకి, పిల్లలకి ముప్పు ఎక్కువ. 1996-2000 మధ్య జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల అధ్యయనంలో హైదరాబాద్‌లో ఓపెన్ యాంగిల్ గ్లాకోమా ఉన్నట్టు తేలినవాళ్ళలో పదిమందికి తొమ్మిది మంది పైగా, తమకి ఆ జబ్బుందని అప్పటిదాకా తెలియనివాళ్ళే. కాబట్టి నలభై దాటిన తోబుట్టువులందరూ ఒకసారి కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళి, అద్దాల చెకప్ కాదు, ప్రెషర్, గోనియోస్కోపీ, పాప పెద్దది చేసి కంటి నరం చూడటం, ఈ మూడూ చేయమని అడగాలి.